పిల్లల బేస్‌బాల్ కోచ్‌లు, ఇన్‌స్ట్రక్టర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో మంచు కరిగి మైదానాలు కనబడడం మొదలైందంటే నా ఫోన్‌కి ఇవే ప్రశ్నలు వస్తాయి. అడిగేవాళ్లు మారతారు, సందేహాలు మాత్రం అవే. మా అబ్బాయి ఏడు సీజన్లు ఆడాడు. అందులో నాలుగు సీజన్లు నేను అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను. చెప్పిందే మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే కొత్తగా వచ్చే తెలుగు అమ్మానాన్నలకి పనికొస్తుందనిపించింది. నిబంధనల అంకెలు పిల్లల బేస్‌బాల్ నడిపే సంస్థ లిటిల్ లీగ్‌వి. మీ ఊరి లీగ్ వేరే సంస్థ కింద ఉంటే అవి కొంచెం మారొచ్చు, అడిగి తెలుసుకోండి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పేరు రాయించే ముందు

మాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. కోచ్ మమ్మల్ని, పిల్లాణ్ణి చిన్నచూపు చూస్తాడా?

చూడడు. ఆట తెలియని అమ్మానాన్నలు ప్రతి జట్టులోనూ ఉంటారు, అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా. కోచ్‌కి మీ నుంచి కావలసింది ఆట పరిజ్ఞానం కాదు. పిల్లాడు టైముకి రావాలి, నీళ్ల సీసా తెచ్చుకోవాలి, రాలేకపోతే ముందు రోజే మెసేజ్ పెట్టాలి. మొదటి రోజే "మాకు ఈ ఆట కొత్త, వాడికి ఇంట్లో ఏం చేయించమంటారు?" అని అడిగేయండి. నేను చూసినంతలో ఈ ఒక్క మాటతో కోచ్‌లు కరిగిపోతారు. తెలిసినట్టు నటించే తల్లిదండ్రులతోనే వాళ్లకి ఇబ్బంది.

లీగ్ కోచ్, ట్రావెల్ కోచ్, ప్రైవేట్ ఇన్‌స్ట్రక్టర్. అందర్నీ "కోచ్" అనే అంటున్నారు, తేడా ఏంటి?

లీగ్ కోచ్ అంటే ఊరి లిటిల్ లీగ్ జట్టుని నడిపే వాలంటీర్. అతనికి జీతం ఉండదు. చాలావరకు అదే జట్టులో ఆడే ఎవరో పిల్లాడి నాన్నో అమ్మో అయ్యుంటారు. లిటిల్ లీగ్ భాషలో ప్రధాన కోచ్‌ని మేనేజర్ అంటారు, మిగతావాళ్లు కోచ్‌లు. ఇక్కడ పేరు రాయించుకున్న ప్రతి పిల్లాడికీ ఆడే అవకాశం ఇవ్వాలి.

ట్రావెల్ కోచ్ క్లబ్ జట్టుని నడుపుతాడు. ట్రైఅవుట్ పెట్టి పిల్లల్ని ఎంచుకుంటారు, వారాంతాల్లో వేరే ఊళ్లలో టోర్నమెంట్లకి తీసుకెళ్తారు. కొన్ని క్లబ్బుల్లో కోచ్‌కి డబ్బు ఇస్తారు, కొన్నిటిలో అక్కడా తండ్రులే కోచ్‌లు. ఖర్చు చాలాచోట్ల ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది.

ప్రైవేట్ ఇన్‌స్ట్రక్టర్ అరగంటకో గంటకో ఫీజు తీసుకుని హిట్టింగ్ (బంతిని బ్యాట్‌తో కొట్టడం), పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) లాంటి ఒక్క విద్య నేర్పుతాడు. మీ వాడు మ్యాచ్‌లో ఎలా ఆడుతున్నాడో అతను చూసుండకపోవచ్చు.

ముగ్గురూ వాళ్ల వాళ్ల పరిధిలో మంచివాళ్లే కావచ్చు. కానీ పిల్లాడి వారం మొత్తం ఎలా గడిచిందో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలీదు. అది తెలిసేది ఇంట్లో ఉన్న మీకు మాత్రమే.

మా వాడికి తొమ్మిదేళ్లు. మిగతావాళ్లు నాలుగేళ్లకే మొదలుపెట్టారట. ఆలస్యమైపోయిందా?

కాలేదు. నాలుగైదేళ్లకి ఆడేది టీ బాల్. టీ అనే స్టాండు మీద బంతి పెట్టి కొట్టిస్తారు. ఆ వయసులో పిల్లలు సగం సేపు గడ్డి పీకుతూ ఉంటారు. తొమ్మిదేళ్లకి మొదలుపెట్టినవాడు ఒకటి రెండు సీజన్లలో అందుకోగలడు. వీధిలో క్రికెట్ ఆడిన పిల్లలైతే ఇంకా త్వరగా అందుకుంటారు. అయితే లీగ్‌కి ఈ సంగతి ముందే చెప్పండి. వేగంగా వచ్చే బంతికి భయపడని స్థాయిలో వేస్తారు.

అమ్మాయిని బేస్‌బాల్‌లో వేయొచ్చా? పెద్ద బంతితో ఆడే సాఫ్ట్‌బాల్‌కే పంపమంటున్నారు.

వేయొచ్చు. లిటిల్ లీగ్‌లో 1974 నుంచి అమ్మాయిలు అధికారికంగా ఆడుతున్నారు. 2014లో మోనే డేవిస్ అనే పదమూడేళ్ల అమ్మాయి లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం పిచింగ్ చేసి గెలిపించింది. కోచ్‌ని మాత్రం సూటిగా అడగండి: "ఇంతకు ముందు మీ జట్టులో అమ్మాయిలు ఆడారా? వాళ్లు ఏ పొజిషన్లు ఆడారు?" రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే మనిషి తెలిసిపోతాడు.

జీతం లేని కోచ్ శ్రద్ధగా నేర్పుతాడా?

లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన మొదలుపెట్టినప్పటి నుంచీ నడుస్తున్నది వాలంటీర్ల మీదే. మా ఊళ్లో ఒకాయన పగలంతా ఆఫీసు పని చేసుకుని, సాయంత్రం ఐదున్నరకి మైదానంలో గీతలు గీసి, వాన పడితే బురదలో మట్టి చల్లి, రాత్రి పదింటికి మర్నాటి బ్యాటింగ్ ఆర్డర్ రాసుకునేవాడు. శ్రద్ధ విషయంలో డబ్బు తీసుకునేవాళ్ల కంటే ఆయన్నే నేను ముందు పెడతాను. అందరూ ఆయనలా ఉంటారని చెప్పను. కొందరు తమ పిల్లాడి కోసమే వస్తారు, అది రెండు వారాల్లో బయటపడుతుంది.

## కోచ్‌ని చూసి నిర్ణయించుకునేటప్పుడు

కాలేజీలో ఆడిన కోచ్ అయితేనే మంచిదా?

ఆడడం వేరు, నేర్పడం వేరు. పెద్ద స్థాయిలో ఆడినవాడికి ఆట లోతు తెలుసు, నిజమే. పదేళ్ల పిల్లాడికి అది అందేలా చెప్పగలడా అన్నదే మనకి కావాలి. దానికి అతని పాత జట్ల పేర్లు చదివితే సరిపోదు. ఒక ప్రాక్టీస్‌కి వెళ్లి కంచె పక్కన నలభై నిమిషాలు నిలబడండి. నేనైతే మూడు విషయాలు చూస్తాను.

మొదటిది, ఒక్కో పిల్లాడి దగ్గరికి బంతి ఎన్నిసార్లు వచ్చింది? ఒకడు బ్యాటింగ్ చేస్తుంటే మిగతా పదకొండు మంది నిలబడి చూస్తున్నారంటే ఆ గంటలో మీ వాడికి దక్కేది ఐదు నిమిషాలు. మంచి కోచ్ పిల్లల్ని ముగ్గురు నలుగురు చొప్పున విడగొడతాడు. ఒక మూల టీ మీద హిట్టింగ్, ఒక మూల గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే బంతులు పట్టడం), ఇంకో మూల బేస్ రన్నింగ్ (కొట్టాక చేరాల్సిన బేస్‌ల మధ్య పరుగు) నడుస్తుంటాయి. పది నిమిషాలకోసారి మారుస్తాడు.

రెండోది, ఒకేసారి ఎన్ని మాటలు చెబుతున్నాడు? "మోచెయ్యి ఎత్తు, తల కదపకు, నడుం తిప్పు, కాలు ముందుకెయ్యి" అని గుక్క తిప్పుకోకుండా చెబితే పిల్లాడి చెవికి ఒక్కటీ ఎక్కదు. ఆ రోజుకి ఒక్క మాట పట్టుకుని పది రకాలుగా చేయించేవాడే కోచ్.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. బంతి కాళ్ల మధ్య నుంచి పోయినప్పుడు పిల్లాడు ఎటు చూస్తున్నాడు? బంతి వెనక పరిగెడితే ఆ జట్టులో భయం లేదు. ముందు కోచ్ మొహం వైపు చూస్తే మాత్రం వాడు ఆట కంటే తిట్లే ఎక్కువ నేర్చుకున్నాడని అర్థం. ఆ జట్టుకి ఎన్ని ట్రోఫీలున్నా మా వాణ్ణి పంపను.

ముక్కూమొహం తెలియని మనిషి. పిల్లాణ్ణి అతని దగ్గర వదలొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

లిటిల్ లీగ్‌లో పిల్లలతో పనిచేసే ప్రతి వాలంటీరుకీ ఏటా నేర చరిత్ర తనిఖీ జరగాలి. పిల్లల మీద వేధింపుల్ని గుర్తించడానికి, ఫిర్యాదు చేయడానికి ట్రైనింగ్ కూడా ఉంటుంది. ఈ రెండూ పూర్తయ్యాయా అని లీగ్ బోర్డుని అడిగే హక్కు మీకుంది. బయటి ట్రైనింగ్ సెంటర్‌లో ప్రైవేట్ పాఠాలు చెప్పేవాళ్లకి ఇవి జరిగాయని మీ అంతట మీరు అనుకోవద్దు. అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

కాగితాల తర్వాత కళ్లకి పని చెప్పాలి. పెద్ద మనిషి ఒక్కడు, పిల్లాడు ఒక్కడు మూసిన గదిలో ఉండకూడదు. కేజ్ (ప్రాక్టీస్‌కి వల కట్టిన చోటు) అందరికీ కనబడేలా ఉండాలి. పిల్లాడి ఫోన్‌కి కోచ్ విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, పెడితే తల్లిదండ్రుల్లో ఒకరిని కలపాలి. కారులో ఒంటరిగా దింపుతానంటే "వద్దండీ, మేం వస్తాం" అనండి. ఇందులో ఎవర్నీ అనుమానించడం ఏమీ లేదు. నేను కోచ్‌గా ఉన్నప్పుడు నాకూ ఇవే నియమాలు, మంచి కోచ్‌లు వీటిని వాళ్లంతట వాళ్లే పాటిస్తారు.

ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటంగా ఉంది. అసలేం అడగాలి?

మనకి గురువుని ప్రశ్నించడం అలవాటు లేదు. "ఆయనకి తెలీదా?" అనుకుని ఊరుకుంటాం. ఇక్కడి కోచ్‌లు దాన్ని గౌరవం అనుకోరు, మీకు పట్టింపు లేదనుకుంటారు. అందుకే అడగండి. పిచింగ్ లెక్క ఎవరు రాస్తారు? పిల్లాడు వేరే జట్టులో కూడా ఆడితే ఆ లెక్క మీకు చెప్పాలా? పొజిషన్లు మారుస్తారా? పిల్లాడు తప్పు చేస్తే ఏం చేస్తారు? ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు ఏం చేస్తారు, గుండె లయ సరిచేయడానికి షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం ఎక్కడుంది? చివరిది తప్పకుండా అడగాలి. బంతి ఛాతీకి తగిలి గుండె లయ తప్పడం చాలా అరుదు, కానీ జరిగినప్పుడు నిమిషాల్లో ఆ పరికరం అందాలి.

## సీజన్ మొదటి వారాల్లో

కోచ్ ఒక బ్యాట్ చెప్పాడు, షాపువాడు ఇంకోటి చెప్పాడు. ఏది కొనాలి?

ముందు బ్యాట్ మీద ముద్ర చూడండి. 2018 జనవరి 1 నుంచి లిటిల్ లీగ్‌లో (ఒకే ముక్క చెక్కతో చేసినవి తప్ప) యూఎస్‌ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్లే చెల్లుతాయి. చాలా ట్రావెల్ టోర్నమెంట్లు యూట్రిపుల్‌ఎస్‌ఏ అనే ఇంకో సంస్థ ముద్ర ఉన్నవాటిని ఒప్పుకుంటాయి, కానీ వాటిని లిటిల్ లీగ్ మ్యాచ్‌లో వాడనివ్వరు. మా వీధిలో ఒకళ్లు మూడు వందల డాలర్లు పోసి రెండో రకం కొన్నారు, మొదటి మ్యాచ్‌లోనే అంపైర్ పక్కన పెట్టేశాడు. బరువు, పొడవు విషయంలో కోచ్ మాట వినండి. ఎదుగుతాడు కదా అని పెద్ద సైజు కొంటే మనం చొక్కాలు కొన్నట్టు కుదరదు, స్వింగ్ (బ్యాట్ తిప్పే తీరు) పాడవుతుంది.

మా వాడు బ్యాట్‌ని క్రికెట్‌లాగే పట్టుకుంటున్నాడు. రెండు ఆటలూ ఆడితే చెడిపోతాడా?

చెడిపోడు. చేతుల వరస రెండింటిలోనూ ఒకటే. కుడిచేతి వాటం వాడికి ఎడమ చెయ్యి పిడి కొస వైపు ఉంటుంది. తేడా అంతా బ్యాట్ ఎక్కడి నుంచి మొదలవుతుందన్న దానిలో ఉంది. క్రికెట్‌లో బ్యాట్ కింద ఉంటుంది, బంతి నేల మీద పడి లేస్తుంది. ఇక్కడ బ్యాట్ భుజం దగ్గర ఉంటుంది, బంతి నేల తాకకుండా వస్తుంది. అందుకే క్రికెట్ పిల్లలు మొదట్లో కింది నుంచి పైకి లేపి కొడతారు. టీ మీద రోజూ ముప్పై బంతులు కొట్టిస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

క్యాచింగ్‌లో మన పిల్లలు ముందుంటారు. ఒట్టి చేతులతో పట్టినవాళ్లకి గ్లవ్ వరంలా ఉంటుంది. పోతే, బ్యాట్ పట్టుకుని పరిగెత్తే అలవాటు మానిపించాలి. కొట్టగానే బ్యాట్ కింద వదిలెయ్యాలి, విసరకూడదు. మా అబ్బాయి మొదటి మ్యాచ్‌లో బ్యాట్‌తో సహా ఫస్ట్ బేస్ చేరాడు.

క్రికెట్‌లో బౌలింగ్ కూడా చేస్తుంటే ఆ సంగతి బేస్‌బాల్ కోచ్‌కి తప్పక చెప్పండి. భుజానికి రెండూ బరువే.

ఇంట్లో నేను నేర్పొచ్చా, లేక కోచ్‌కి అడ్డం పడినట్టవుతుందా?

క్యాచ్ ఆడండి. ఇంతకంటే మంచి సాయం లేదు. పెరట్లో పావుగంట బంతి విసిరి పట్టుకోవడమే, దానికి మీకు ఆట తెలియక్కర్లేదు. గ్లవ్ ఒకటి మీకూ కొనుక్కోండి. వారంలో పిచింగ్ ఎక్కువ చేసి ఉంటే మాత్రం ఆ రోజు విసరడం ఆపి, నేల మీద దొర్లించండి. స్వింగ్ ఎలా తిప్పాలి, మోచెయ్యి ఎక్కడుండాలి అన్నవి యూట్యూబ్ చూసి మార్చొద్దు.

లీగ్ కోచ్ ఒకటి, ప్రైవేట్ ఇన్‌స్ట్రక్టర్ ఇంకోటి చెబుతున్నారు. పిల్లాడు అయోమయంలో పడ్డాడు. ఎవరి మాట వినాలి?

చాలాసార్లు ఇద్దరూ ఒకటే చెబుతారు, మాటలు వేరుగా ఉంటాయి. "బంతిని కిందికి కొట్టు" అన్నవాడికీ "సమంగా తిప్పు" అన్నవాడికీ కావలసింది ఒక్కటే కావచ్చు. కాబట్టి ముందు ఇద్దర్నీ కలపండి. ఒక చిన్న వీడియో తీసి ఇద్దరికీ ఒకే మెసేజ్‌లో పంపి, "ఈ నెల దేని మీద పని చేయించాలి?" అని అడగండి. నిజంగానే తేడా ఉంటే సీజన్ నడుస్తున్నంతకాలం జట్టు కోచ్ మాట చెల్లనివ్వండి, పెద్ద మార్పులు చలికాలంలో చేసుకోవచ్చు. ఎదుటి కోచ్‌ని పిల్లాడి ముందు వెక్కిరించే ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చేయండి.

## సీజన్ నడుస్తుండగా

పిచింగ్ ఎంత చేస్తే ఎక్కువ? కోచ్ చూసుకుంటాడు కదా?

పిచ్ అంటే ఇక్కడ పిచర్ విసిరిన ఒక్కో బంతి. లిటిల్ లీగ్‌లో ఒక రోజుకి గరిష్ఠ పిచ్‌లు వయసుని బట్టి ఉంటాయి. 7–8 ఏళ్లకి 50, 9–10 ఏళ్లకి 75, 11–12 ఏళ్లకి 85, 13–16 ఏళ్లకి 95. ఆ తర్వాత విశ్రాంతి తప్పనిసరి. 14 ఏళ్లు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లయితే 21 నుంచి 35 పిచ్‌లు వేస్తే ఒక రోజు, 36–50కి రెండు రోజులు, 51–65కి మూడు రోజులు, 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నాలుగు రోజులు. 41 లేదా అంతకంటే ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) కూర్చోకూడదు, ఎందుకంటే పిచర్ తర్వాత ఎక్కువసార్లు బంతి విసిరేది క్యాచరే.

ఇవి కోచ్ చూసుకుంటాడు. కానీ అతను చూసుకునేది తన జట్టు లెక్క మాత్రమే. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా వాడికి పదకొండేళ్లప్పుడు శనివారం లీగ్ మ్యాచ్‌లో 58 పిచ్‌లు వేశాడు. ఆదివారం ట్రావెల్ టోర్నమెంట్‌లో రెండు ఇన్నింగ్స్ (ఇక్కడ ఒక్కోటి ఎదుటి జట్టుకి మూడు అవుట్లయ్యే దాకా) వేయించారు. మంగళవారం ప్రైవేట్ పాఠంలో ఇంకో ముప్పై ఐదు. ముగ్గురు కోచ్‌ల నోటుపుస్తకాలు చూస్తే ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. మే నెలలో ఒక రాత్రి అన్నం కలుపుకుంటూ "అమ్మా, చెయ్యి లాగుతోంది" అన్నాడు. మోచేతి లోపలివైపు ఎముక ఎదిగే చోట వాపు వచ్చిందని డాక్టరు చెప్పారు. ఆరు వారాలు బంతి ముట్టుకోనివ్వలేదు. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురి అంకెలూ ఒకచోట కూడవలసింది నేను, నేనే కూడలేదు.

అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. తేదీ, ఎక్కడ, ఎన్ని పిచ్‌లు. ప్రతి మ్యాచ్‌కి ముందు దాన్ని ఫొటో తీసి ఆ రోజు కోచ్‌కి పంపుతాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఒకాయన అయితే ఆ ఫొటో చూసే ఆ రోజు వాణ్ణి సెకండ్ బేస్‌లో పెట్టాడు.

మోచెయ్యి నొప్పి అంటున్నాడు. ఐస్ పెట్టి రెండు రోజులాగి ఆడించమన్నాడు కోచ్. సరిపోతుందా?

సరిపోదు. కండరం అలసట వేరు, మోచేతి లోపలివైపో భుజం కీలులోనో నొప్పి వేరు. ఎదిగే పిల్లల్లో ఎముక చివర మెత్తటి ఎదుగుదల భాగం ఉంటుంది, విసరడం వల్ల పడే లాగుడు దాని మీద పడుతుంది. ఇంగ్లీషులో దీన్నే లిటిల్ లీగ్ ఎల్బో అంటారు. విసరడం వెంటనే ఆపించి పిల్లల డాక్టర్‌కో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కో చూపించండి. మళ్లీ ఎప్పుడు విసరాలో చెప్పాల్సింది డాక్టరు. ఫైనల్ మ్యాచ్ అయినా సరే. నొప్పి మాత్ర వేసి పంపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

మా వాణ్ణి ఎప్పుడూ రైట్ ఫీల్డ్‌లోనే పెడుతున్నారు. మనవాళ్లమని అలా చేస్తున్నారా?

ఈ ప్రశ్న నన్ను గొంతు తగ్గించి అడుగుతారు. గట్టిగానే అడగాల్సిన ప్రశ్న ఇది. చిన్న వయసుల్లో మైదానం కుడి చివరి భాగమైన రైట్ ఫీల్డ్ వైపు బంతులు తక్కువ వెళ్తాయి, అందుకే కొత్తవాళ్లని అక్కడ పెడతారు. కొత్త అయితే మొదటి మూడు నాలుగు వారాలు దాన్ని పట్టించుకోకండి. లిటిల్ లీగ్ నిబంధన ప్రకారం ప్రతి పిల్లాడూ మ్యాచ్‌లో ఎదుటి జట్టుకి కనీసం ఆరు అవుట్లయ్యేంత సేపు ఫీల్డింగ్ చేయాలి, కనీసం ఒకసారి బ్యాటింగ్ చేయాలి. అది జరగకపోతే అప్పుడే అడగండి.

నెల దాటినా మారకపోతే తేదీల వారీగా రాసి పెట్టుకోండి. మీ వాడితో సమానంగా ఆడే మరో పిల్లాడికి ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి పొజిషన్లు) దొరుకుతోందా చూడండి. తర్వాత కోచ్‌ని "మా వాడు సెకండ్ బేస్ ఆడాలంటే ఏం నేర్చుకోవాలి?" అని అడగండి. నిజాయితీ ఉన్న కోచ్ ఒక పని చెబుతాడు, అది నేర్చుకున్నాక అవకాశం ఇస్తాడు. జవాబు దాటేస్తే, లేదా పేరు వెక్కిరించడం, తిండి గురించి మాటలు లాంటివి డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) వినబడితే అది వివక్షే. లీగ్ బోర్డులో ప్లేయర్ ఏజెంట్ అని ఒకరుంటారు, వాళ్లకి రాతపూర్వకంగా పంపండి. సర్దుకుపోమని పిల్లాడికి చెప్పొద్దు.

కోచ్ గట్టిగా అరుస్తాడు. వాడికి టెన్షన్‌తో ముందు రోజు నిద్ర పట్టడం లేదు. ఇది మామూలేనా?

మైదానం పెద్దది, గట్టిగా పిలవక తప్పదు. "సెకండ్‌కి వెయ్!" అని అరవడం కోచింగ్. "నీకెన్నిసార్లు చెప్పాలి, నీ వల్లే ఓడిపోయాం" అనడం కోచింగ్ కాదు, గొంతు పెంచకుండా అన్నా సరే. పిల్లాడికి నిద్ర పట్టకపోవడం, ప్రాక్టీస్ రోజున కడుపునొప్పి అనడం మొదలైతే అది మామూలు కాదు. మన చిన్నప్పుడు మాస్టార్లు కొట్టినా చదువుకున్నాం కదా అని సరిపెట్టొద్దు. ముందు మీరు కోచ్‌తో మాట్లాడండి, పిల్లాణ్ణి పక్కన పెట్టుకోకుండా. మారకపోతే బోర్డుకి చెప్పండి. సీజన్ మధ్యలో మాన్పించాల్సి వచ్చినా పోయేదేం లేదు, ఆకులు రాలే కాలంలో ఫాల్ బాల్ అనే ఇంకో సీజన్ మొదలవుతుంది.

మ్యాచ్ అయిపోగానే కోచ్‌తో మాట్లాడొచ్చా?

థాంక్స్ చెప్పడానికైతే మాట్లాడండి. ఫిర్యాదు అయితే ఒక రోజు ఆగండి. చాలా జట్లలో ఇరవైనాలుగు గంటల నియమం అని ఒకటుంటుంది. ఆగిన తర్వాత ఫోన్ చేసి కలవండి, గ్రూపులో పోస్టు పెట్టొద్దు. కారులో ఇంటికి వచ్చేటప్పుడు కోచ్ నిర్ణయాల మీద మీరు చేసే విమర్శ వెనక సీట్లో వింటున్నవాడు మర్నాడు అదే కోచ్ దగ్గర నిలబడాలి.

ఉరుములు వచ్చినా ఆడిస్తుంటే? తలకి దెబ్బ తగిలితే?

ఉరుము వినబడితే ఆట ఆపాలి, చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. డగౌట్ సురక్షితం కాదు, కారులోకి తీసుకెళ్లండి. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరుగుతున్నా, తడబడి మాట్లాడుతున్నా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టరు ఒప్పుకున్నాకే తిరిగి రావాలి. కోచ్ ఆడించమన్నా మీరు వెళ్లి తీసుకొచ్చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

## ప్రైవేట్ పాఠాలు, ట్రావెల్ జట్లు

ప్రైవేట్ పాఠాలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

పిల్లాడు తనంతట తాను అడిగినప్పుడు. అంతకు ముందు పెట్టే డబ్బు అమ్మానాన్నల ఆదుర్దాకి పెట్టే ఖర్చు. మొదలుపెడితే చలికాలం మంచిది, జనవరి నుంచి మార్చి దాకా న్యూజెర్సీలో అందరూ లోపలి కేజ్‌లలోనే ఉంటారు, మ్యాచ్‌లు ఉండవు కాబట్టి స్వింగ్ మార్చుకోవడానికి టైముంటుంది. రెండు వారాలకో పాఠం చాలు, మధ్యలో ఇంట్లో చేసే సాధనే అసలు చదువు. ప్రతి పాఠం చివర "ఈ రెండు వారాలకి హోంవర్క్ ఏంటి?" అని అడగండి. హోంవర్క్ ఇవ్వకుండా వారానికి రెండుసార్లు రమ్మనేవాడి దగ్గర ప్యాకేజీ కొనకండి.

పదేళ్ల పిల్లాడికి కర్వ్ బాల్ (గాలిలో వంపు తిరిగే బంతి) నేర్పిస్తానంటున్నాడు ఇన్‌స్ట్రక్టర్. ఒప్పుకోవాలా?

వద్దు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు తెచ్చాయి. వాటి ప్రకారం 9–12 ఏళ్ల పిల్లలు ఫాస్ట్ బాల్ (వేగంగా వచ్చే బంతి) నిలకడగా వేయడం నేర్చుకోవాలి, ఆ తర్వాత ఛేంజప్ (అదే తీరులో విసిరినా నెమ్మదిగా వచ్చే బంతి). బంతిని తిప్పే పిచ్‌లు 13–14 ఏళ్లకి, అదీ మొదటి రెండూ చేతికొచ్చాక. 9–12 ఏళ్ల పిల్లలకి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం నుంచి విశ్రాంతి ఉండాలని, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలని కూడా అందులో ఉంది. మీ ఇన్‌స్ట్రక్టర్‌కి ఈ మాట చెప్పి చూడండి. "మా దగ్గర పన్నెండు నెలలూ ట్రైనింగ్" అన్నదే అతని గొప్ప అయితే వేరేవాళ్లని వెతుక్కోండి.

ట్రావెల్ జట్టు కోచ్ కాలేజీ స్కాలర్‌షిప్ ఖాయం అంటున్నాడు. నమ్మాలా?

పన్నెండేళ్ల పిల్లాడి విషయంలో ఎవరూ అలాంటి హామీ ఇవ్వలేరు. పన్నెండేళ్లకి లిటిల్ లీగ్ మైదానంలో బేస్‌ల మధ్య 60 అడుగులు, పిచర్ నిలబడేది 46 అడుగుల దూరంలో. హైస్కూల్లో అవి 90 అడుగులు, 60 అడుగుల 6 అంగుళాలు అవుతాయి. చిన్న మైదానంలో రాజ్యమేలినవాడు పెద్ద మైదానంలో వెనకబడొచ్చు, వెనకున్నవాడు ఒళ్లు వచ్చి ముందుకెళ్లొచ్చు. ట్రావెల్ జట్టు కావాలంటే ఆట కోసం, స్నేహితుల కోసం చేరండి. సంతకం పెట్టే ముందు మొత్తం ఖర్చు, మధ్యలో మానేస్తే తిరిగిచ్చేదెంత, బెంచి మీద కూర్చున్న పిల్లలు గత ఏడాది ఎన్ని ఇన్నింగ్స్ ఆడారు అని అడగండి.

వేసవిలో ఇండియా వెళ్తాం. కోచ్‌కి చెబితే జట్టులోంచి తీసేస్తాడేమో?

ముందే చెబితే తీసేయడు. టికెట్లు బుక్ చేసిన రోజే మెసేజ్ పెట్టండి. వసంతకాలం సీజన్ చాలాచోట్ల జూన్ మధ్యకి అయిపోతుంది. చిక్కు ఆల్ స్టార్స్‌తోనే (లీగ్‌లో ఎంపిక చేసిన పిల్లల జట్టు), ఆ టోర్నమెంట్లు జూన్, జూలైల్లో ఉంటాయి. ఎంపికయ్యాక "మేం విజయవాడలో ఉంటాం" అంటే వేరే పిల్లాడి అవకాశం పోతుంది. ప్రయాణం ఉందని మేలోనే చెప్పేయండి.

ఇంకో మాట. ఇండియాలో ఉన్నన్నాళ్లూ ప్రాక్టీస్ పోతుందని బాధపడకండి. చెయ్యికి విశ్రాంతి ఎలాగూ కావాలి, అమ్మమ్మ గారింట్లో అది దానంతటదే దొరుకుతుంది. తాతగారితో ఈతకి పంపండి. బంతి, గ్లవ్ సూట్‌కేసులో పెట్టక్కర్లేదు.

సీజన్ చివర కోచ్‌కి ఏమిస్తే బాగుంటుంది?

చాలా జట్లలో తలా కొంత వేసుకుని గిఫ్ట్ కార్డు ఇస్తారు, అందులో కలవండి. దానితో పాటు మీ పిల్లాడి చేత నాలుగు వాక్యాలు రాయించండి, ఏం నేర్చుకున్నాడో. నాకు వచ్చిన అలాంటి కాగితాలు ఇప్పటికీ దాచుకున్నాను.

## మీరే కోచ్ అవ్వాలనుకుంటే

నేను ఎప్పుడూ బేస్‌బాల్ ఆడలేదు, నా ఇంగ్లీషు యాస కూడా వేరు. అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంటారా?

తీసుకుంటారు, మనుషులు దొరక్క లీగ్‌లు ఇబ్బంది పడుతుంటాయి. నేను చేరినప్పుడు కోచ్‌ల మీటింగ్‌లో ఆడవాళ్లం ఇద్దరమే, చీర కట్టే ఇంటి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. నేర చరిత్ర తనిఖీకి ఫారం నింపాలి, వేధింపుల నివారణ ట్రైనింగ్ ఆన్‌లైన్‌లో చేయాలి, తల దెబ్బల గురించి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల ఉచిత కోర్సు ఒకటుంది. న్యూజెర్సీలో అయితే రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన మూడు గంటల భద్రతా క్లినిక్‌కి వెళ్లండి. అది పూర్తిచేసిన వాలంటీర్ కోచ్‌లకి ఏదైనా జరిగితే రాష్ట్ర చట్టం కొంత రక్షణ ఇస్తుంది, ఒక కార్డు కూడా చేతికిస్తారు.

యాస గురించి పిల్లలకి పట్టింపు లేదు. మొదటి వారం నేను అన్న ఒక మాట వాళ్లకి అర్థం కాలేదు, రెండోసారి చేతితో చూపించాను, అంతే. మొదటి ప్రాక్టీస్‌కి వెళ్లేటప్పుడు పిల్లల పేర్లు టేపు మీద రాసి హెల్మెట్లకి అంటించుకునేలా తీసుకెళ్లండి. బకెట్ బంతులు, నాలుగు ప్లాస్టిక్ కోన్లు, అదనంగా ఒక నీళ్ల డబ్బా. పిచ్ కౌంట్ రాసే పని మీరే అడిగి తీసుకోండి, అది ఆట తెలియకపోయినా చేయగల పని, జట్టులో అంతకంటే అవసరమైనది ఇంకోటి లేదు. పెన్సిల్ రెండు పెట్టుకోండి, ఏప్రిల్ చలిలో పెన్ను రాయదు.